సెల్లారు జరిమానా

భోజన్న దొంగ కాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. ఆర్మూరు పక్క పల్లెలో పుట్టి నలభై ఏళ్ళొచ్చినా ఒకరి చేలో మక్కకంకి విరిచి ఎరగడు. అలాంటి మనిషి ఆ సాయంత్రం ఒకే గదిలో ఉండే స్వామి చొక్కా జేబులోంచి ఇకామా పుస్తకం తీశాడు, మేకుకు వేలాడుతున్న పికప్పు తాళంచెవి తీశాడు, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా గది దాటాడు. స్వామి జ్వరంతో రగ్గు ముసుగుపెట్టి మూలుగుతున్నాడు. అడిగితే ఇవ్వడని తెలిసి అడగలేదు, అంతే.

తొంభై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి నెల. రియాద్ మీదికి ఇరాక్ క్షిపణులు వస్తున్న రోజులు. వాళ్ళుండే మలాజ్ పేటలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. కలిగినవాళ్ళు జిద్దాకు పోయారు, లేనివాళ్ళు కిటికీ సందులకు టేపు అంటించుకుని కూర్చున్నారు. అంతకుముందే, వాళ్ళ దేశం ఇరాక్ పక్షం పట్టిందని వెళ్ళగొడితే, యెమెన్ వాళ్ళు దుకాణాలు అయినకాడికి అమ్ముకుని ట్రక్కుల మీద వెళ్ళిపోవడం భోజన్న కళ్ళారా చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఉన్నవాళ్ళనే ఉండనివ్వలేదు, ఇక మనమెంత అని అప్పుడే గుండెల్లో రాయి పడింది.

వాడి భయానికి కారణం ఉంది. సౌదీలో ఉండటానికి ఇచ్చే అనుమతి పుస్తకం ఇకామా, అది లేకపోతే ఆ దేశంలో మనిషి లేనట్టే. ఎవరి దగ్గర పనిచేయాలో, ఏ ఊళ్ళో ఉండాలో అంతా అందులో రాసి ఉంటుంది. భోజన్న ఇకామాలో బురైదా అని ఉంది, ఖర్జూరపు తోట కూలీ అని ఉంది. ఎనిమిది నెలలు జీతమివ్వకపోతే తోట వదిలి రియాద్ వచ్చేశాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఏడాదికింత అని పుచ్చుకుని కళ్ళు మూసుకున్నాడు గానీ, పోలీసులు మూసుకోరు కదా. బాబాయి వరస కలిపి కాకా అని పిలిచే పొరుగూరి స్వామి తన గదిలో చోటిచ్చాడు. స్వామి ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబరు, డ్రైవరు, పికప్పు ఆ కంపెనీదే. భోజన్న ఇంటింటికీ తిరిగి నల్లాలు, మోటార్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు.

పక్కవాడి ఇకామా జేబులో వేసుకుని బయటికెళ్ళడం ఆ గదుల్లో కొత్తేమీ కాదు. ముస్లింలది పచ్చ పుస్తకం, మిగతావాళ్ళది గోధుమరంగు. రంగు కలిస్తే చాలు, లోపలి ఫోటోలో మీసమున్న మనిషి ఎవడైనా పోలీసు కంటికి ఒకటే. ఇంటికి డబ్బు పంపే డ్రాఫ్టు తీయడానికో ఆస్పత్రికో భోజన్న ఎన్నోసార్లు స్వామి పుస్తకం పట్టుకెళ్ళాడు. యుద్ధం మొదలైన వారానికి స్వామి ఖరాఖండిగా చెప్పేశాడు. "ఇగ ఇయ్యనే కాకా, ఏమనుకోకు. రోజులు మంచిగ లెవ్వు. నేను సెలవు మీద ఇంటికి పోవాలె. గిప్పుడు ఏదన్న అయితె నా ఎగ్జిట్ వీసా ఆగిపోతది."

స్వామి ఊరు విడిచి మూడేళ్ళు. వచ్చేనాటికి కడుపులో ఉన్న కూతురు ఇప్పుడు క్యాసెట్లో 'బాపూ' అని పిలుస్తోంది. ఆ క్యాసెట్టు అరిగిపోయేలా వింటాడు. వాడు ఇవ్వననడంలో తప్పేముంది? తప్పు లేదని భోజన్నకూ తెలుసు. కానీ నెలరోజులుగా ఒక్క పని లేదు. ఆ రోజు ఈజిప్టు మాస్టారు ఒకాయన ఇంట్లో నీళ్ళ మోటారు కాలిపోయిందని కబురొచ్చింది. మోటారు మోసుకెళ్ళాలంటే బండి కావాలి. తోటలో ట్రాక్టరు తోలిన చెయ్యే గదా, గంటలో వచ్చేద్దామనుకున్నాడు. లైసెన్సు కూడా లేదు మహానుభావుడికి.

మోటారు బిగించి తిరిగి వస్తుంటే సైరన్ మోగింది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాడు. ముందున్న కార్లన్నీ ఒక పెద్ద దుకాణాల భవనం కిందికి, సెల్లారులోకి దిగుతున్నాయి. భోజన్న కూడా దింపేశాడు. లోపల చీకటి, పెట్రోలు వాసన. ఆడవాళ్ళు విషవాయువు భయానికి పిల్లల మూతులకు తడిగుడ్డలు కడుతున్నారు. ఎక్కడో దూరంగా దబ్బుమని ఒక చప్పుడు వినబడింది, అందరూ ఒక్కసారి దేవుణ్ణి తలుచుకున్నారు. భోజన్న రెండు చేతులతో జేబు గట్టిగా పట్టుకున్నాడు.

ఆ గండం గడిచింది. సైరన్ ఆగాక బండి పైకి తీద్దామని చూస్తే, వీధి మలుపులో పోలీసు జీపు అడ్డంగా ఉంది. ఒక్కొక్క కారూ ఆపి ఇకామాలు, లైసెన్సులు చూస్తున్నారు. భోజన్న బండిని అక్కడే వదిలి, నడిచే జనంలో కలిసి గదికి చేరాడు. స్వామి ఇంకా ఒళ్ళు తెలియకుండానే ఉన్నాడు.

తెల్లవారుజామున బండి కోసం వెళితే కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. బంగ్లాదేశ్ వాడు, ఉర్దూలో దులిపేశాడు. అది బజారు కాదట, ప్రైవేటు సెల్లారట. బండి పెట్టింది భవనం యజమాని సొంత జాగాలోనట, ఆయన కారు రాత్రంతా వీధిలో ఉండాల్సి వచ్చిందట. "ఇకామా దిఖావో" అన్నాడు. భోజన్న జేబు తడుముకున్నాడు. తన పుస్తకం చూపిస్తే బురైదా. అందుకని స్వామిది చూపించాడు. వాడు పేరూ నంబరూ చూసి ఒక అచ్చుకాగితం మీద రాసుకుని, కింద స్టాంపు కొట్టి, ఒక ప్రతి చేతిలో పెట్టాడు. మూడు వందల రియాళ్ళు, పది రోజులు గడువు అన్నాడు.

భోజన్న బండి తెచ్చి ఎక్కడిది అక్కడే పెట్టాడు, పుస్తకం జేబులో, తాళంచెవి మేకుకి. ఆ కాగితం మాత్రం తన బియ్యం సంచి అడుగున దాచాడు. స్వామి లేచి, "జర గంజి పోస్తవా కాకా" అంటే, వాడి ముఖం చూడకుండా గంజి పోశాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. తెరిచిన నోటితో, "ఉప్పు సరిపోయిందా" అని అడిగాడు.

తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది వాడిది. మూడో రోజున యుద్ధం ఆగిపోయిందని రేడియో చెప్పింది. గదుల్లో కేకలు, కౌగిలింతలు, ఎవడో మిఠాయి పంచాడు. విమానాలు మళ్ళీ ఎగురుతాయని, స్వామికి వచ్చే వారం టికెట్టు ఖాయమని కంపెనీ నుంచి కబురొచ్చింది. అందరికీ యుద్ధం ఆగిపోతే మన భోజన్నకు అప్పుడే మొదలైంది. జరిమానా కట్టని మనిషిని విమానాశ్రయంలో ఆపేస్తారని ఎవరో ఎప్పుడో అనగా విన్నాడు. అది నిజమైతే ఆగేది స్వామి. తాను చేసిన పాపానికి వాడి పిల్ల తండ్రి ముఖం చూడకుండా పోతుంది.

పోనీ వెళ్ళి కట్టేద్దామా అంటే, అక్కడ మళ్ళీ ఇకామా అడుగుతారు. స్వామిది మళ్ళీ దొంగిలించాలి, పట్టపగలు ఫోటోతో ముఖాన్ని పోల్చి చూస్తే పట్టుబడాలి. ఇంకొకడి పుస్తకం చూపించినవాడికి జైలు, ఆ తర్వాత వేలిముద్రలు తీసి దేశం దాటించడం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నాలుగో రోజు టీ బండి దగ్గర దస్తగిరి కనబడ్డాడు. రాయచోటి మనిషి, ఒక షేక్ ఇంట్లో డ్రైవరు. రియాద్‌లో ఏ వీధిలో ఏ పోలీసు ఎప్పుడు నిద్రపోతాడో కూడా తనకే తెలిసినట్టు మాట్లాడతాడు. భోజన్న గుండె చిక్కబట్టుకుని, తెలిసినవాడికి ఒకడికి ఇలా అయిందని చెప్పాడు.

"కట్టొద్దని చెప్పప్పా ఆయప్పకు" అన్నాడు దస్తగిరి, ఊదుకుంటూ టీ తాగుతూ. "సెల్లారోళ్ళు గవర్నమెంటా ఏమన్నానా? ఉత్త బెదిరింపు కాగితం అది. నా కాడ మూడుండాయి అట్లాటియి, కారు అద్దాలు తుడుస్తాండా వాట్తో. కడితే ఇంగోసారి వేస్తారు, కట్టకుంటే నోరు మూసుకుంటారు."

భోజన్నకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకో టీ తియ్యగా అనిపించింది.

"గట్లనే చెప్త భాయ్. మరి ఇకామా నంబరు రాసుకున్నరట, దానికేమన్న ఐతదా?"

దస్తగిరి గ్లాసు కిందికి దించాడు. "ఇకామా ఎందుకిచ్చినాడు? బండి నంబరు ఒక్కటే అయితే నేను చెప్పింది నిజం. ఇకామా నంబరు వాళ్ళ కాడ ఉందంటే... ఏమో అన్నా. ఈ టైములో షుర్తాకు, పోలీసోళ్ళకు, ఇచ్చినారంటే వాళ్ళు ఊరుకోరు. నన్నడగొద్దులే, నాకు తెలీదు." మిగిలిన టీ పారబోసి కారెక్కి వెళ్ళిపోయాడు. అన్నీ తెలిసిన దస్తగిరికే తెలియనిది వచ్చి పడిందంటే, ఇక భోజన్నకు ఆ పూట అన్నం సయించలేదు.

అసలు కాగితంలో ఏముందో చదివించుకోవాలి. అరబ్బీ వచ్చిన తెలుగువాడు చుట్టుపక్కల ఒక్కడే, ఇస్సాక్. గుంటూరు వైపు మనిషి, స్వామి కంపెనీ ఆఫీసులోనే గుమాస్తా. స్వామి పేరు అతని కంటపడితే కొంప మునుగుతుంది. కాపలావాడు ఇకామా చూస్తూ మొదటి గీత మీదే రాశాడని భోజన్నకు గుర్తుంది. అందుకని కాగితం పైభాగాన్ని వెనక్కి మడిచి, మడత మీద గోరుతో నాలుగుసార్లు గీసి, ఇస్సాక్ గదికి పోయాడు.

ఇస్సాక్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. మడత విప్పబోతే భోజన్న, "పైన ఏం లేదు సార్, ఆ గడి ఖాళీనే" అని కాగితం పట్టుకున్నాడు.

"ఇదెవరిదన్నావ్?"

"మా దోస్తుది సార్. బత్హాల ఉంటడు."

"సరేనయ్యా. ప్రైవేటు పార్కింగు వాయలేషన్, మూడు వందలు ఫైన్. డ్రైవ్ చేసినవాడు ఇకామాతో స్వయంగా వచ్చి కట్టాలి. పది రోజులు దాటితే కంప్లయింట్ పోలీసులకి ఫార్వర్డ్ చేస్తాం అని రాసుంది. నిజంగా చేస్తారా అంటే నేను చెప్పలేను. చాలామంది చెయ్యరు." కళ్ళజోడు తీసి భోజన్న ముఖంలోకి చూశాడు. "మీ దోస్తుని కట్టెయ్యమను. ఆలస్యం చెయ్యొద్దని చెప్పు."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో భోజన్నకే తెలియాలి. తలుపు చప్పుడైతే లేచి నిలబడేవాడు. జీపు చప్పుడు వినబడితే మరుగుదొడ్లోకి దూరేవాడు. బురైదా పారిపోదామని ఒకసారి బట్టలు సర్దుకున్నాడు, మళ్ళీ విప్పాడు. ఎవరూ కట్టరు, చాలామంది మీద ఫిర్యాదు చెయ్యరు అని తనకు తానే పాఠం చెప్పుకునేవాడు. అంతలోనే విమానాశ్రయంలో స్వామిని పక్కకు పిలిచి నిలబెట్టినట్టు, స్వామి వెనక్కి తిరిగి తనవైపే చూస్తున్నట్టు కళ్ళకు కట్టేది.

స్వామి మాత్రం మామూలుగానే ఉన్నాడు. కాకపోతే మాటలు తగ్గించాడు. ఊరెళ్ళే మనిషి కదా, ధ్యాసంతా అక్కడే ఉంటుందని భోజన్న అనుకున్నాడు. ఒకసారి అన్నం తింటూ తింటూ, "ఏమన్న జెప్పేదున్నదా కాకా?" అని అడిగాడు. భోజన్న గొంతులో మెతుకు అడ్డుపడింది. "ఏమున్నది, ఏం లేదు" అన్నాడు. స్వామి మంచినీళ్ళ గ్లాసు వాడి దగ్గరికి జరిపాడు.

తొమ్మిదో రోజున స్వామి ఇకామా కంపెనీలో ఇచ్చేసి పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు. సెలవు మీద పోయేవాళ్ళు ఇకామా అప్పజెప్పి పోవాలి. అంటే దొంగిలిద్దామన్నా ఇక ఆ పుస్తకం లేదు. స్వామి వేషంలో వెళ్ళి కట్టే దారి మూసుకుపోయింది. మిగిలింది రెండే. నోరు మూసుకుని స్వామిని విమానాశ్రయానికి పంపడం, లేదా తన సొంత ఇకామా తీసుకుని తన కాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళడం.

పదో రోజు పొద్దున స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకున్నాడు. జైలుకు పోయేవాడికి మంచి చొక్కా ఎందుకో! ఊళ్ళో ఉన్న పెళ్ళాం ముత్యవ్వకు డ్రాఫ్టు తీద్దామని దాచిన మూడు వందలు, ఆ కాగితం, బురైదా ఇకామా జేబులో పెట్టుకున్నాడు. సెల్లారు భవనం చేరేలోపు నాలుగుసార్లు వెనక్కి తిరిగాడు. ఒకసారైతే గది ఉన్న సందు దాకా వచ్చేశాడు. పెళ్ళాం బిడ్డల్ని తలుచుకుంటే కాళ్ళు వెనక్కి, స్వామిని తలుచుకుంటే ముందుకు. చివరికి ఎలా వెళ్ళాడో గానీ కౌంటరు ముందు నిలబడ్డాడు.

లోపల సూడాన్ ముసలాయన, తెల్ల తలపాగా. కాగితం అందుకుని చెయ్యి చాపాడు. "ఇకామా."

భోజన్న ఇచ్చాడు. ఇచ్చాక వెనక్కి తీసుకోవాలని చెయ్యి దానంతటదే లేచింది.

ముసలాయన పుస్తకం తెరిచి చదివాడు. "బురైదా." పేజీ తిప్పాడు. "తోట కూలీ." తలెత్తి చూశాడు. వచ్చీరాని ఉర్దూలో, "ఈ కాగితం మీది పేరు నీది కాదు. బండి తోలిందెవరు?" అన్నాడు.

బల్ల మీద టెలిఫోను ఉంది. ముసలాయన చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. ఇప్పటికైనా అబద్ధం ఆడొచ్చు. దోస్తు పంపాడని చెప్పొచ్చు.

"నేనే" అన్నాడు భోజన్న. "ఇకామా వానిది, తోలింది నేను. వానికేం తెల్వదు. మై చలాయా. ఉస్కో ఛోడ్ దో."

ముసలాయన పెద్ద రిజిస్టరు దగ్గరికి లాక్కుని, వేలితో ఒక్కొక్క వరుసా దిగుతూ వచ్చి ఒకచోట ఆగాడు. "ఇది కట్టేశారు" అన్నాడు. "శనివారమే. ఆ ఇకామా మనిషి వచ్చి, తానే తోలానని చెప్పి కట్టి పోయాడు."

నమ్మకపోతే చూసుకోమన్నట్టు రిజిస్టరు ఇటు తిప్పాడు. కుడి నుంచి ఎడమకి పాకే అరబ్బీ రాతల మధ్య ఒకేఒక్క తెలుగు సంతకం. భోజన్నకు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. అయినా స్వామి అన్న ఆ రెండక్షరాలు చదవడానికి క్షణం పట్టలేదు. ఆ సంతకం వంకరటింకరగా ఉంది, రాసినవాడి చెయ్యి వణికినట్టుంది.

ముసలాయన ఇకామా ఇటు తోశాడు. "పో. ఇంకొకడైతే ఫోను చేసేవాడు. మళ్ళీ ఇటు రాకు."

బయటికొచ్చాక ఎండ కళ్ళలో కొట్టింది. బతికిపోయాడు. పరుగెత్తాలి, ఎగిరి గంతెయ్యాలి. కానీ భోజన్న గోడ పక్కన చతికిలబడ్డాడు. శనివారం. ఈ రోజు బుధవారం. నాలుగు రోజులుగా స్వామికి తెలుసు. నాలుగు రోజులుగా పక్క పక్కనే పడుకున్నారు. ఏమన్నా చెప్పేదుందా కాకా అని వాడు అడిగింది ఆదివారం. ఇంతసేపూ పోలీసులకు భయపడి వణికిన మనిషికి, ఇప్పుడు గది తలుపు తీయాలంటే అంతకు మించిన భయం పట్టుకుంది.

తలుపు తీసేసరికి స్వామి ఒక్కడే ఉన్నాడు, అట్టపెట్టెకు తాడు కడుతున్నాడు. రేపు సాయంత్రమే ప్రయాణం.

"మలాజ్ సెల్లారుకు పోయొచ్చిన" అన్నాడు భోజన్న, గుమ్మంలోనే నిలబడి.

స్వామి తాడు లాగడం ఆపలేదు. "ఊఁ."

"నీకెట్ల తెల్సింది?"

"ఇస్సాక్ సారు గా దినమే జెప్పిండు. నువ్వు పేరు మడిచినవట గని, కింద బండి నంబరు ఉంటది గదా. బండ్ల కాయిదాలన్ని ఆయన తానే ఉంటయి."

భోజన్న తల వంచుకున్నాడు. పేరు దాస్తే చాలనుకున్నాడు, బండికీ ఒక పేరు లాంటిది ఉంటుందన్న సంగతి వాడి బుర్రకు తట్టనే లేదు.

"మరి నన్ను అడగకపోతివి? తిట్టకపోతివి? నాలుగు తన్నినా పడుదును గదరా."

స్వామి అప్పుడు చేతులు ఆపాడు. "అడుగుదామని రోజు అనుకున్న కాకా. నాకు తెల్వదు అంటవేమోనని భయమైంది. గా మాట నీ నోట్లకెళ్లి ఇంటె, ఇగ నీతోని ఒక్క రూంల ఎట్లుండాలె? కౌంటరు కాడ గూడ గంత భయం గాలే నాకు."

భోజన్నకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు. జేబులోంచి మూడు వందలు తీసి పెట్టె మీద పెట్టాడు. వద్దంటాడేమో, ఉండనీ కాకా అంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. స్వామి తీసుకుని బనియన్ లోపల పెట్టుకున్నాడు.

కాసేపటికి, ఊరెళ్ళే ప్రతివాడూ గదిలో మిగిలినవాళ్ళను అడిగే మాటే స్వామీ అడిగాడు. "సిన్నమ్మకు ఏం జెప్పుమంటవ్?"

ముత్యవ్వ అడుగుతుంది. ఎట్లున్నడు, ఏం జేస్తున్నడు, మీరిద్దరు మంచిగుంటున్నరా అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. భోజన్న గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు.

"మంచిగనే ఉన్నడని జెప్పురా" అన్నాడు.

స్వామి వాడివైపు చూడలేదు. తాడు కొస పంటితో పట్టి గట్టిగా ముడి బిగించాడు.

"సరే కాకా, గట్లనే జెప్త" అన్నాడు.